బ్యూరెట్ పట్టిన చేతికి మార్కులు వేయడం ఎలా?

ఇంటర్మీడియట్ ప్రాక్టికల్ పరీక్షలు దగ్గర పడుతున్నాయి కనుక ఈ నెల శీర్షికను పూర్తిగా రసాయన శాస్త్ర ప్రయోగశాలకే కేటాయించాము. వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఒకే బాధను వేర్వేరు మాటల్లో చెప్పాయి: ప్రయోగం చేసేది చేయి, మార్కు పడేది కాగితానికి. మూడు దశాబ్దాలు జూనియర్ కళాశాలలో ఈ సబ్జెక్టు బోధించి, ఏటా ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వేరే కళాశాలలకు వెళ్లివచ్చిన నాకు ఆ బాధ కొత్త కాదు. ఏడు ఉత్తరాలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: నేను సీనియర్ ఇంటర్ ఎంపీసీ చదువుతున్నాను. కెమిస్ట్రీ ప్రాక్టికల్‌లో గత ఏడాది మా కాలేజీలో అందరికీ 30కి 30 వచ్చాయని సీనియర్లు చెబుతున్నారు. ఈ ఏడాది మేము ల్యాబ్‌లోకి వెళ్లింది నాలుగు సార్లే. ఆ సమయంలో ఎంట్రన్స్‌కు చదువుకుంటే మేలని ఇంట్లో అంటున్నారు. ప్రయోగాలు నిజంగా నేర్చుకోవాలా? (ఒక విద్యార్థిని, నల్గొండ)

జవాబు: అమ్మా, మీ సీనియర్లు చెప్పింది నిజమే కావచ్చు. కానీ తరగతిలో అందరికీ 30కి 30 పడినప్పుడు ఆ అంకె ఎవరి నైపుణ్యాన్నీ చెప్పదు. శ్రద్ధగా చేసిన అమ్మాయికీ, బ్యూరెట్ (ద్రావణాన్ని చుక్కలుగా వదిలే, తాళం, గీతలు ఉన్న గాజు గొట్టం) ముట్టని అబ్బాయికీ అదే మార్కు పడిందంటే అది మీ తప్పు కాదు, మార్కులు వేసే మా తప్పు.

ఎంట్రన్స్ సంగతికి వస్తే, జేఈఈ మెయిన్ సిలబస్‌లో ప్రయోగాత్మక రసాయన శాస్త్ర సూత్రాలకు ప్రత్యేకంగా ఒక యూనిట్ ఉందన్న విషయం మీ ఇంట్లోవారికి చెప్పండి. పొటాషియం పర్మాంగనేట్ అంశమాపనంలో (గాఢత తెలిసిన ద్రావణంతో మరో ద్రావణం గాఢతను కొలిచే టైట్రేషన్‌లో) సల్ఫ్యూరిక్ ఆమ్లమే ఎందుకు వాడాలి అన్న ప్రశ్నను తీసుకోండి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడితే పర్మాంగనేట్ కొంత క్లోరైడ్‌ను ఆక్సీకరణం చేయడానికే ఖర్చవుతుంది. నైట్రిక్ ఆమ్లం తానే ఆక్సీకారిణి. ఈ రెండు వాక్యాలను ఎవరైనా బట్టీ పట్టవచ్చు. అయితే ఆమ్లం తక్కువైన ఫ్లాస్కులో మాంగనీస్ డయాక్సైడ్ గోధుమరంగు మడ్డిలాగా కనిపించడాన్ని ఒక్కసారి తన కళ్లతో చూసిన విద్యార్థి ఆమ్లం పని ఏమిటో ఇక మరచిపోడు. రేపు మీరు ఇంజనీరింగ్‌కు వెళ్లినా, బీఎస్సీకో ఫార్మసీకో వెళ్లినా మొదటి సంవత్సరంలోనే ఇదే బ్యూరెట్ మళ్లీ మీ ముందుకు వస్తుంది, అప్పుడు దాన్ని ఎలా పట్టుకోవాలో నేర్పే ఓపిక అక్కడ ఎవరికీ ఉండదు. స్నేహితులు నలుగురైదుగురు కలిసి మీ లెక్చరర్‌ను అడగండి, ఇంకో మూడు మధ్యాహ్నాలు ల్యాబ్ తెరిపించుకోండి. అడిగిన విద్యార్థులను కాదన్న కెమిస్ట్రీ లెక్చరర్లు నాకు తక్కువగానే తెలుసు.

ప్రశ్న: అంశమాపనంలో సరైన విలువ వచ్చిందా లేదా అని చూసి మార్కులు వేస్తున్నాము. విద్యార్థులు ద్రావణం నార్మాలిటీని, అంటే గాఢతను, ముందే తెలుసుకుని, రీడింగులను వెనక నుంచి లెక్కగట్టి రాసేస్తున్నారు. బ్యాచ్‌కు ఇరవై మంది ఉంటే ఒక్కొక్కరి పక్కన నిలబడి చూడడం సాధ్యమా? (ప్రభుత్వ జూనియర్ కళాశాల అధ్యాపకుడు, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: మాస్టారూ, ఒకసారి నేను ఎక్స్‌టర్నల్‌గా వెళ్లిన చోట ఒక బ్యాచ్ మొత్తం జవాబు పత్రాలలో మూడు రీడింగులూ 18.6 అనే ఉన్నాయి, అన్నింటిలోనూ మొదటి రీడింగు సున్నా. నిజంగా చేసినవారి పట్టికలో ఒకటి 18.7, ఒకటి 18.55, మధ్యలో కొట్టివేసిన తొలి ప్రయత్నం ఒకటి ఉంటాయి. ఆ రోజు నేను ఆ పత్రాలకు మార్కులు వేయవలసి వచ్చింది, వేశాను. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

దీనికి మొదటి మందు అందరికీ ఒకే ద్రావణం ఇవ్వకపోవడం. సుమారు 0.11 నార్మల్ పర్మాంగనేట్‌ను పెద్ద సీసాలో ఒకేసారి తయారు చేసుకోండి. అందులోంచి 455 మిల్లీలీటర్లు తీసి నీటితో 500కు నింపితే 0.10 నార్మల్ వస్తుంది, 409 తీసి నింపితే 0.09 వస్తుంది. 20 మిల్లీలీటర్ల 0.1 నార్మల్ ఆక్సాలిక్ ఆమ్లానికి ఈ మూడూ వరుసగా 18.2, 20.0, 22.2 మిల్లీలీటర్ల దగ్గర ఎండ్ పాయింట్ (చర్య పూర్తయి రంగు మారే చోటు) ఇస్తాయి. సీసాల మీద అంకెలు మాత్రమే వేయండి, ఏ అంకెకు ఏ గాఢతో మీ జేబులోని కాగితంలో ఉండాలి. పక్కవాడి పట్టికను చూసి రాసిన విద్యార్థి రెండు మిల్లీలీటర్ల తేడాతో దొరికిపోతాడు. అటెండర్‌కు అరగంట అదనపు పని తప్ప దీనికి ఖర్చేమీ లేదు.

అయితే సీసా మీద లెక్క ప్రకారం ఉండవలసిన విలువను ప్రమాణంగా పెట్టుకోకండి. పర్మాంగనేట్ వెలుతురుకూ దుమ్ముకూ నెమ్మదిగా క్షీణిస్తుంది, నిన్న చేసిన ద్రావణం ఈ రోజు అదే గాఢతలో ఉంటుందన్న భరోసా లేదు. పరీక్ష రోజు ఉదయం, విద్యార్థులు వాడబోయే బ్యూరెట్లతోనే మీరు స్వయంగా మూడు సీసాలకూ అంశమాపనం చేసి, ఆ విలువలను సరైనవిగా తీసుకోవాలి. కేంబ్రిడ్జ్ ఇంటర్నేషనల్ ప్రాక్టికల్ పేపర్లలో పర్యవేక్షకుడు అదే ప్రయోగాన్ని తానూ చేసి తన ఫలితాలను బోర్డుకు పంపడం నియమం. నియమం లేకపోయినా మనమూ ఆ పని చేయవచ్చు. మీ విలువకు 0.2 మిల్లీలీటర్లలోపు వచ్చినవారికి పూర్తి మార్కులు, 0.5లోపు వచ్చినవారికి కొంత తగ్గించి ఇవ్వడం నా అలవాటు.

ఇక రెండవది, అసలైనది, చేతిని చూడడం. ఒక విద్యార్థి పక్కన మొదటి నుంచి చివరి దాకా నిలబడడం ఎవరికీ సాధ్యం కాదు, అవసరమూ లేదు. ఇరవై పేర్లు నిలువుగా, నాలుగైదు పనులు అడ్డంగా రాసిన ఒక అట్ట పట్టుకుని గది అంతా తిరగండి, ఒక్కొక్క చుట్టులో ఒక్క పనినే చూడండి. మొదటి చుట్టులో బ్యూరెట్‌ను నింపబోయే ద్రావణంతోనే కడిగారా, కోనికల్ ఫ్లాస్కును మాత్రం స్వేదనజలంతోనే కడిగి వదిలారా అన్నది చూడండి. ఫ్లాస్కును కూడా ఆక్సాలిక్ ఆమ్లంతో కడిగే పిల్లలు బ్యాచ్‌కు ఇద్దరు ముగ్గురు ఉంటారు, అదే వారి విలువ పెరగడానికి కారణమని కాగితం చూసి చెప్పడం అసాధ్యం. తర్వాతి చుట్టులో పిపెట్, అంటే నిర్ణీత పరిమాణం ద్రావణాన్ని పీల్చి తీసే గాజు గొట్టం. చివరి చుక్కను ఊది దింపేవారెవరు, కొనను ఫ్లాస్కు గోడకు ఆనించి వదిలేవారెవరు అన్నది అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. మూడవ చుట్టులో గరాటు బ్యూరెట్ పైనుంచి తీశారా, కన్ను ద్రావణం మట్టానికి సమానంగా ఉందా చూడాలి. పర్మాంగనేట్ ముదురు రంగు ద్రావణం కాబట్టి పై అంచును చదవాలి, ఇది తెలియక కింది వంపును వెతికేవారు ఉంటారు. 50 మిల్లీలీటర్ల బ్యూరెట్‌లో అతి చిన్న భాగం 0.1, కానీ రెండు గీతల మధ్యను గమనించగల విద్యార్థి 0.05 కూడా రాస్తాడు. పట్టికలో అలాంటి ఒక అంకె కనిపిస్తే నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది.

ఆఖరి చుట్టు ఎండ్ పాయింట్ దగ్గరది. ఒక చేయి బ్యూరెట్ తాళం మీద, మరొకటి ఫ్లాస్కును తిప్పుతూ, చుక్క చుక్కగా దింపడం సాధనతో తప్ప రాదు. ఆ సమయంలోనే, అక్కడే నిలబడి ఒక ప్రశ్న అడగండి: మొదటి చుక్క రంగు పోవడానికి ఎంతసేపు పట్టింది? నిజంగా చేసినవారు, మొదట చాలాసేపు పట్టిందనీ తర్వాత చుక్కలు పడగానే రంగు పోయిందనీ తడుముకోకుండా చెబుతారు. ఎందుకని మళ్లీ అడిగితే, చర్యలో పుట్టిన మాంగనీస్ అయానులే ఉత్ప్రేరకంగా పనిచేస్తాయని కొందరు చెబుతారు, ఆమ్లాన్ని 60 నుంచి 70 డిగ్రీల దాకా ఎందుకు వేడి చేశారో కూడా కొందరు కలుపుతారు. బల్లకు అటూ ఇటూ కూర్చుని అడిగే వైవా కంటే పనిచేస్తున్న చేతి పక్కన అడిగే ఈ అర నిమిషం వైవా ఎక్కువ నిజం చెబుతుంది.

మార్కుల విభజన మీ బోర్డు నిబంధనకు లోబడే ఉండాలి. నా చేతిలో పది మార్కులు ఉంటే నాలుగు చేతి పనికి, నాలుగు విలువ దగ్గరితనానికి, రెండు లెక్కకు ఇస్తాను. లెక్కలో తప్పు చేసిన విద్యార్థికి విలువ దగ్గర కూడా కోత వేయకండి, ఒక తప్పుకు రెండు సార్లు శిక్ష ఉండకూడదు.

ప్రశ్న: సీబీఎస్ఈ పన్నెండవ తరగతికి చెబుతున్నాను. లవణ విశ్లేషణలో (ఇచ్చిన లవణంలో ఏ అయానులు ఉన్నాయో కనుక్కోవడంలో) పిల్లలు నీలి స్ఫటికాలు చూడగానే కాపర్ సల్ఫేట్ అని తేల్చుకుని, పరీక్షలన్నీ దానికి తగ్గట్టు పూర్తి చేస్తున్నారు. దీన్ని ఎలా ఆపాలి? (ఉపాధ్యాయురాలు, హైదరాబాద్)

జవాబు: సీబీఎస్ఈ 30 ప్రాక్టికల్ మార్కులలో అంశమాపనానికి 8, లవణ విశ్లేషణకు మరో 8 ఉంచింది, మిగిలినవి పాఠ్యాంశ ప్రయోగానికీ, ప్రాజెక్టుకూ, రికార్డుకూ, వైవాకూ పంచింది. అంటే లవణానికి ఇచ్చిన ప్రాముఖ్యం చిన్నదేమీ కాదు. రంగున్న లవణాలను పరీక్ష రోజు పక్కన పెట్టండి. జింక్ సల్ఫేట్, లెడ్ నైట్రేట్, బేరియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్ అన్నీ తెల్లగానే ఉంటాయి, చూపుతో దేన్నీ తేల్చలేరు.

కానీ పెద్ద మార్పు రావలసింది మనం దేనికి మార్కు వేస్తామన్న దాంట్లో. కేటయాన్, ఆనయాన్ (ధన, రుణ అయానులు) పేర్లు సరిగ్గా రాస్తే పూర్తి మార్కులు అనే పద్ధతి ఉన్నంతకాలం పిల్లలు పేరు కోసమే వెతుకుతారు. నేను గంటన్నర గడవగానే అందరి పరిశీలన పత్రాల మీద, అక్కడిదాకా రాసిన వరుస కింద, సంతకం పెట్టేవాణ్ణి. ఆ తర్వాత పైన మార్చడానికి వీలుండదు. బేరియం క్లోరైడ్ కలిపినా తెల్లని అవక్షేపం రాలేదు అన్న వాక్యానికి, వచ్చింది అన్న వాక్యానికి ఇచ్చినంత విలువే ఇవ్వాలి, ఎందుకంటే సల్ఫేట్ లేదని తేల్చడం కూడా విశ్లేషణే. జ్వాలా పరీక్షలో (లవణాన్ని మంటలో కాల్చి రంగు చూడడంలో) పసుపు కనిపించింది, తీగ శుభ్రంగా లేదేమోనని గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి మళ్లీ కాల్చాను, ఈసారి ఆపిల్ ఆకుపచ్చ కనిపించింది అని ఒక విద్యార్థి రాశాడనుకోండి. చివరికి అతడు బేరియాన్ని నిర్ధారించలేకపోయినా నేను అతడికే ఎక్కువ వేస్తాను.

చేతి పనిగా చూడదగినది నైట్రేట్‌ను గుర్తించే గోధుమ వలయ పరీక్ష. పరీక్షనాళికను వంచి, సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని గోడ వెంట నెమ్మదిగా జార్చకపోతే రెండు పొరలు కలిసిపోతాయి, వలయం రాదు. నైట్రేట్ ఉన్న లవణం ఇచ్చి ఆ ఒక్క నిమిషం మాత్రం మీరు పక్కన ఉండండి. అలాగే కేటయాన్‌లను వరుసగా అవక్షేపింపజేసి గుర్తించే గ్రూపులలో మూడవదానిలో అమ్మోనియం హైడ్రాక్సైడ్‌కు ముందు అమ్మోనియం క్లోరైడ్ ఎందుకు కలిపావని అడగండి. ఉమ్మడి అయాను ప్రభావం అనే పదం కంటే, హైడ్రాక్సైడ్ అయానులు తగ్గకపోతే మెగ్నీషియం లాంటివి కూడా అక్కడే అవక్షేపిస్తాయి అన్న అర్థం వచ్చేలా ఎవరి మాటల్లో వారు చెబితే చాలు.

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడ ఏ లెవెల్ (మన ఇంటర్ లాంటి చదువు) కెమిస్ట్రీ చేస్తోంది. ప్రాక్టికల్స్ మార్కులు గ్రేడులో కలవవని, కేవలం పాస్ అని రాస్తారని చెప్పారు. మన దగ్గరిలాగా మార్కులు లేకపోతే పిల్లలు పట్టించుకుంటారా? (ఒక తండ్రి, లెస్టర్, ఇంగ్లండ్)

జవాబు: మీరు విన్నది నిజమే. 2015లో మొదలైన కొత్త ఏ లెవెల్‌లో ప్రయోగ నైపుణ్యాన్ని గ్రేడు నుంచి విడదీశారు. రెండేళ్లలో కనీసం 12 ప్రయోగాలు చేయించి, అయిదు ప్రమాణాల మీద టీచరే అంచనా వేస్తారు: రాసి ఉన్న విధానాన్ని అనుసరించడం, పరికరాలను పరిశోధనా దృష్టితో వాడడం, సురక్షితంగా పనిచేయడం, పరిశీలనలను నమోదు చేయడం, సమాచారం సేకరించి నివేదించడం. ఒక ప్రయోగంలో తడబడినా మరొకదానిలో చూపవచ్చు. ఫలితం సర్టిఫికెట్ మీద విడిగా నమోదవుతుంది. దీనితోపాటు రాత పరీక్ష మార్కులలో కనీసం 15 శాతం ప్రయోగాలకు సంబంధించిన ప్రశ్నలకు ఉండాలి. కొన్ని విశ్వవిద్యాలయాలు సీటు ఇచ్చేటప్పుడు ఈ పాస్‌ను అడుగుతాయి, కాబట్టి మీ అమ్మాయి ల్యాబ్ పుస్తకాన్ని జాగ్రత్తగా రాసుకోవాలి, పరీక్షా బోర్డుల ప్రతినిధులు వచ్చి చూసేది ఆ పుస్తకాలనే.

ఈ పద్ధతిలో నాకు నచ్చినది, ఏడాది పొడవునా చూడడం. ఒక్క రోజు, మూడు గంటలు, వణికే చేతులు అన్న మన పరీక్ష కంటే అది న్యాయమైనది. మార్కు గ్రేడులో కలవదు గనుక ఉన్నదానికి మించి వేయాలన్న ఒత్తిడి కూడా టీచరు మీద తగ్గుతుంది. అయితే దాన్ని యథాతథంగా మన దగ్గరకు తేవాలని నేను చెప్పను. లెక్కలోకి రాని దేన్నయినా బోధించడం మానేసే అలవాటు మన కళాశాలల్లో చాలా బలంగా ఉంది. మార్కు పోతే ల్యాబ్ తాళం కూడా తెరుచుకోదని నా భయం.

ప్రశ్న: ప్రాక్టికల్స్‌కు జంబ్లింగ్ పెట్టి, విద్యార్థులను వేరే కళాశాలకు పంపితే ఈ సమస్యలన్నీ తీరవా? (ఒక పాఠకుడు, ఒంగోలు)

జవాబు: సొంత కళాశాల మొహమాటం తగ్గుతుంది, అంతవరకు మంచిదే. కానీ అక్కడి ఎగ్జామినర్ కూడా చివరి విలువనూ రికార్డునూ చూసే మార్కులు వేస్తే కొలిచేది మారలేదు, కొలిచే చోటు మాత్రమే మారింది. జంబ్లింగ్ ఉన్న చోట ఒక మేలు చేయవచ్చు: తెలియని ల్యాబ్‌లో బిగుసుకున్న బ్యూరెట్ తాళాలకూ, అలవాటు లేని త్రాసుకూ పిల్లలు ఇబ్బంది పడతారు కనుక మొదటి పదిహేను నిమిషాలు పరికరాలను పట్టి చూసుకోవడానికి వదిలేయాలి.

ప్రశ్న: మా బాబుకు ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా సరిగ్గా తెలియదు. ప్రాక్టికల్ పరీక్షలో ఏం చేయాలో తోచడం లేదు. (ఒక తల్లి, గుంటూరు)

జవాబు: ముందుగా ఈ సంగతిని పరీక్షకు చాలా ముందే లెక్చరర్‌కూ ప్రిన్సిపాల్‌కూ రాతపూర్వకంగా చెప్పండి, చాలామంది పిల్లలు సిగ్గుపడి దాచుకుంటారు. చూపు లోపం ఉన్న విద్యార్థులకు సీబీఎస్ఈ సిలబస్‌లోనే వేరే ఏర్పాటు ఉంది. మీ బాబుకు అంత అవసరం రాకపోవచ్చు. ఆమ్ల క్షార అంశమాపనంలో మిథైల్ ఆరెంజ్ అతడికి కష్టం. బలమైన ఆమ్లం, బలమైన క్షారం అయితే థైమాల్ఫ్తలీన్ అనే సూచిక వాడవచ్చు, అది రంగులేని స్థితి నుంచి నీలానికి మారుతుంది. పర్మాంగనేట్ అయితే ఫ్లాస్కు కింద తెల్లని పలక, పక్కన అంతే పరిమాణంలో నీరు ఉన్న మరో ఫ్లాస్కు పెట్టుకుని పోల్చుకోవాలి. జ్వాలా పరీక్షలో రంగు పేరును అటెండర్ చెప్పడంలో అన్యాయం ఏమీ లేదు: అక్కడ మనం చూడవలసింది తీగను శుభ్రం చేయడం, లవణాన్ని సరైన చోట కాల్చడం, ఆ రంగు నుంచి ఏ అయానును ఊహించాడన్నది. కంటి రెటీనాకు మార్కులు వేయడం మన పని కాదు.

ప్రశ్న: మా కళాశాలలో పరికరాలు తక్కువ. కంప్యూటర్‌లో వర్చువల్ ల్యాబ్ చూపించి దాని మీదే మార్కులు వేయవచ్చా? పిపెట్‌ను నోటితో పీల్చడం తప్ప మాకు వేరే దారి కూడా లేదు. (అధ్యాపకురాలు, ఆదిలాబాద్ జిల్లా)

జవాబు: అమృత విశ్వవిద్యాపీఠం, ముంబైలోని సీడాక్ కలిసి రూపొందించిన ఓల్యాబ్స్ లాంటివి ల్యాబ్‌కు వెళ్లే ముందు రోజు చూపించడానికి చాలా మంచివి. పని వరుస తెలుస్తుంది, భయం తగ్గుతుంది. కానీ తెర మీద బ్యూరెట్ తాళం జారదు, గాలి బుడగ కొనలో ఇరుక్కోదు, కాబట్టి వాటితో చేతిని అంచనా వేయలేము. పరికరాలు లేనప్పుడు ప్రయోగాన్నే చిన్నది చేయండి. బ్యూరెట్‌కు బదులు సూది తీసేసిన 2 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సిరంజి, కోనికల్ ఫ్లాస్కుకు బదులు చిన్న గాజు గ్లాసు, కింద తెల్ల కాగితం ఉంటే ముప్పై మంది ఒకేసారి అంశమాపనం చేయవచ్చు. ఖచ్చితత్వం కొంత తగ్గినా, చుక్కలను అదుపులో పెట్టడం, రెండు రీడింగులు కలిసేదాకా మళ్లీ చేయడం అన్నవి అంతే స్పష్టంగా కనిపిస్తాయి.

నోటితో పీల్చడం మాత్రం ఈ రోజే మాన్పించండి. ఆక్సాలిక్ ఆమ్లం విషం, మనలో చాలామంది విద్యార్థి దశలో దాని రుచి చూసినవాళ్లమే, అది అలవాటుగా మిగలవలసిన విషయం కాదు. రబ్బరు బల్బులు కొనే నిధి వచ్చేదాకా పిపెట్ కంటే ఎక్కువ పరిమాణం పట్టే పెద్ద సిరంజిని చిన్న రబ్బరు గొట్టంతో పిపెట్ పై కొనకు తగిలించి లాగితే ద్రావణం గీత దాకా చక్కగా ఎక్కుతుంది. మార్కుల అట్ట మీద మొదటి గడి దీనికే పెట్టండి, పిపెట్ పెదవికి తగిలిన క్షణం ఆపి, కొత్త ద్రావణంతో మొదటి నుంచి చేయించండి.